ఆకుపచ్చ దారం కత్తి

జూన్ 9, సోమవారం

హేమ నాకు పార్సిల్ పంపింది! నాకు! అట్ట మీద నా పేరే రాసింది, రామలింగం అని. ఎమ్మిగనూరు, మా వీధి, మా ఇంటి నంబరు, అన్నీ సరిగ్గా రాసింది. ఎనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. వాళ్ళమ్మ పేరు మీద కాదు. నా పేరు మీద.

కొరియరు యేసేపు సంతకం పెట్టమంటే నాకు పెన్ను కదల్లేదు. "ఏంది పెద్దాయనా, సంతకం మరిసిపోయినావా? ఏలిముద్ర ఏస్తావా?" అని నవ్వాడు. నవ్వితే నవ్వనీ. ఏడో తరగతి బళ్ళో ఫస్టున పాసైనవాణ్ణి, నాకు సంతకం రాకపోవడమా! అతన్ని కూర్చోబెట్టి మజ్జిగ తాగించి పంపాను.

పెట్టెలో మూడు మడతకత్తులు. ఎంత అందంగా ఉన్నాయో! బొటనవేలితో తోస్తే చాలు, రేకు బయటికొచ్చి టక్కుమని నిలబడుతుంది. మూడూ ఒకటే తీరు, ఒకటే బరువు. గుర్తు కోసం పిడికి దారం చుట్టి ఉంది, ఒకదానికి ఎరుపు, ఒకదానికి నీలం, ఒకదానికి ఆకుపచ్చ. దారానికి వేసింది మన మగ్గం ముడి. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళప్పుడు నేను నేర్పిన ముడి. బెంగళూరులో ఇనుము పని చేసుకుంటున్నా వేళ్ళు దాన్ని మరవలేదు!

కాగితం కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కించుకుంటాను.

"మూడింటి రేకులు మూడు రకాల ఉక్కు. ఏది ఏదో ఇప్పుడు చెప్పను. రోజూ మూడింటితో ఒకే పని, ఒకే లెక్కన చేయాలి. ఏది ఎప్పుడు మొద్దుబారుతుందో, ఏది తుప్పు పడుతుందో రాయాలి. పూర్తయ్యేదాకా నూరకూడదు. మా వర్క్‌షాపులో మిషను మీద చూశాము, కానీ రోజూ వాడే మనిషి చేయి కావాలి. రోజంతా దారం తెంపే చేయి నాకు తెలిసినది ఒకటే. హేమ."

పైన 'నాయనా' అని లేదు. వెనక్కి తిప్పి చూశాను, అక్కడా లేదు. ఫర్వాలేదు. పని కాగితం కదా. పని కాగితాల్లో అట్లాంటివి రాయరు.

కత్తి ఇటివ్వమని హేమ వాళ్ళమ్మ నీలమ్మను అడిగితే చేతికివ్వలేదు, నేల మీద పెట్టింది. "కత్తి చేతికిస్తే కొట్లాట వస్తాది. ఉన్న కొట్లాట సాలదా మీ ఇద్దరికీ?" అంది. అన్నా కూడా కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే అంది.

రోజంతా దారం తెంపే చేయి! నా చేయి!

జూన్ 10

మొదలుపెట్టాను. రోజూ ఒక్కో కత్తితో యాభై పురికొస ముక్కలు. తర్వాత మగ్గం మీద తెగిన పోగుల కొసలు. మధ్యాహ్నం నీలమ్మకు ఎర్రగడ్డలు, మామిడికాయ. సాయంత్రం వేలాడే వదులు దారం మీద ఒక్కో కత్తిని ఆనిస్తాను. తాకగానే తెగితే పదును ఉన్నట్టు, దారం జారిపోతే లేనట్టు. ఈ పరీక్ష ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. మా నాయన ఉంటే మెచ్చుకునేవాడు.

మూడూ తాకగానే తెంపాయి.

జూన్ 12

మూడూ బాగున్నాయి. నా బిడ్డ పంపింది.

జూన్ 15, ఆదివారం

ప్రతి ఆదివారం పది గంటలకు హేమ వాళ్ళమ్మకు ఫోన్ చేస్తుంది. ప్రతి ఆదివారం ఆ వేళకు నాకు గడప దగ్గర దారం కండెలు చుట్టే పని పడుతుంది. అక్కడ వెలుతురు బాగుంటుంది.

ఈ రోజు ఫోన్‌లో నా మాట వచ్చింది! నీలమ్మ స్పీకరు పెట్టింది. "కత్తులు ఎట్లా ఉండాయో ఆయప్పను అడుగుమా" అంది హేమ. నేను అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నీలమ్మ నా వైపు తిరిగి, "ఎట్లా ఉండాయంట?" అంది. "ఎర్రదాని మీద తుప్పు చుక్కలు పడినాయని చెప్పు" అన్నాను. నీలమ్మ ఫోన్‌లో, "ఎర్రదాని మీద సుక్కలంట" అంది.

"గంజి చేత్తో పట్టుకున్నాడేమో అడుగు."

"గంజి సేత్తో పట్టుకున్నావా అంట."

"పడుగుకు గంజి పెట్టినాక చేయి కడగలేదని చెప్పు. మూడింటినీ ఆ చేత్తోనే పట్టుకున్నాను, నీలం మీదా పచ్చ మీదా ఏమీ రాలేదని చెప్పు."

"ఇద్దరికీ ఇనపడతానే ఉండాది గదా, మధ్యలో నన్నెందుకు సంపుతారు!" అని నీలమ్మ ఫోన్ కింద పెట్టబోయింది. అటుపక్క చిన్న చప్పుడొకటి వినబడింది. నవ్వే అనుకుంటాను. దగ్గు కూడా కావచ్చు.

ఆయప్ప అంది. వీధిలో పోయే మనిషిని అంటారు అట్లా. అయినా మేలే. ఇన్నేళ్ళూ అది కూడా లేదు.

జూన్ 18

ఆదోని పోయాను, మార్కెట్ యార్డుకు. నీలమ్మ తమ్ముడు రంగప్ప అక్కడ హమాలీ మేస్త్రీ. గోనెసంచుల కుట్లు కోయడానికి కత్తి పదును అక్కడ బాగా తెలుస్తుంది కదా అని.

"రా బావా. ఏంది, మగ్గం ఇడిసిపెట్టి కత్తులు పట్టినావు? ఈ వయసులో రౌడీషీటు తెరిపిస్తావా ఏంది?" అన్నాడు అందరి ముందూ. హమాలీలంతా నవ్వారు.

"హేమ పంపింది" అన్నాను.

వాడి నవ్వు ఆగిపోయింది. కత్తులు ఒక్కొక్కటే తీసి చూశాడు. ఒక్కోదానితో ఇరవై సంచుల కుట్లు కోశాం. ఎరుపు అప్పుడే కొంచెం పీకుతోంది. పచ్చ బాగానే పోయింది. నీలం పట్టుకుని వాడు, "అబ్బ! కోసినట్టే తెలీలే బావా. నాకైతే ఇదే. పాపకు సెప్పు, మామకు ఒకటి పంపమని" అన్నాడు.

టీ తాగేటప్పుడు మెల్లగా అడిగాడు. "ఇంగా ఎన్ని దినాలు కోయల్ల ఈటితో?"

"ఎన్ని దినాలైనా."

"పాప ఆ దినం సంగతి ఏమన్నా ఎత్తిందా?"

"కత్తుల సంగతే రంగప్పా."

వాడు గ్లాసు కింద పెట్టి లేచాడు.

తిరిగి వచ్చేటప్పుడు స్టేషన్ రోడ్డులో రాలేదు. ఎండ ఎక్కువగా ఉంది. చుట్టుదారిన నడిచి వచ్చాను.

జూన్ 21

ఈ రోజు ఎర్రదాని కింద దారం జారిపోయింది. మూడుసార్లు ఆనించినా తెగలేదు. పచ్చ రెండోసారికి తెంపింది. నీలం మొదటిరోజు ఎట్లా తెంపిందో ఇప్పుడూ అట్లాగే. చుక్కలు ఎర్రదాని మీదే ఉన్నాయి, మామిడికాయ కోసినచోట నల్లబడింది కూడా.

అంటే తేలిపోయినట్టే. కాగితం మీద మూడు వరుసలు రాసి, నీలమ్మ ఫోన్‌లో ఫోటో తీసి పంపితే పని పూర్తి.

పూర్తయ్యాక వచ్చే ఆదివారం నా గురించి ఏం అడుగుతుంది?

తొందరపడకూడదు. ఉక్కు సంగతి అంత తొందరగా తేలేది కాదు. ఇంకొన్నాళ్ళు చూడాలి. నా బిడ్డ ఉద్యోగం విషయం, తప్పు చెప్పకూడదు.

జూన్ 22, ఆదివారం

"ఇంకా తేలలేదని చెప్పు" అన్నాను.

"ఎప్పటికి తేలుతుందంట?"

"ఇంకో పది దినాలు."

"సరే అని చెప్పు" అంది హేమ. నా కోసం సరే అంది.

జూన్ 25, అమావాస్య

ఎట్లా రాయాలో తెలియడం లేదు.

అమావాస్యకు మగ్గం ముట్టుకోం. యాభై ఏళ్ళుగా ఆ రోజు నాకు ఒకటే పని. మగ్గం దులిపి, పోగు నడిపే నాడెలకు నూనె పెట్టి, కత్తెర, కొడవలి, ఈలపీట, ఇంట్లో పదునున్న ప్రతిదీ పెరటి రాయి మీద నూరి, కడిగి, పసుపు కుంకుమ పెట్టి మగ్గం ముందు పరుస్తాను. ఈ రోజూ అట్లాగే కూర్చున్నాను. కత్తెర అయింది. కొడవలి అయింది. చేయి తన పని తాను చేసుకుపోతోంది. మూడో కత్తికి పసుపు పెడుతుంటే ఆకుపచ్చ దారం తడిసి నా వేలికి తగిలింది.

మూడింటినీ నూరేశాను. నూరకూడదని కాగితంలో రాసి పంపింది. పదిహేను రోజుల పరీక్ష రాయి మీద పోయింది.

నీలమ్మ వచ్చి చూసింది. వరసగా పెట్టిన కుంకుమ బొట్లు చూసింది. "అమావాస్య భలే కలిసొచ్చింది నీకు" అంది.

కావాలని చేయలేదు.

ఒక సంగతి మాత్రం రాసి పెట్టుకోవాలి. నూరేటప్పుడు చేతికి తెలిసింది. పచ్చదానికి ఇరవైసార్లు లాగేసరికి కొత్త పదును వచ్చేసింది, వెన్న మీద పోయినట్టు పోయింది. ఎర్రదానికి దానికి రెండింతలు పట్టింది. నీలం మాత్రం రాయికి లొంగలేదు. నా భుజం పడిపోయేదాకా లాగాను, ఉన్న పదును కూడా పోగొట్టుకుంది తప్ప కొత్తది రాలేదు. అంత మంచి కత్తి, దానికి నా రాయి పనికిరాదు.

ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి చేయాలి. మళ్ళీ పదిహేను రోజులు.

సంతోషంగా ఉంది అని రాయకూడదు. రాయను.

జూన్ 26

కావాలని చేయలేదు.

జూన్ 29, ఆదివారం

హేమ నాతో మాట్లాడింది!!

నీలమ్మ దాచలేదు. ఫోన్ ఎత్తగానే, "మీ నాయన అమావాస్యకు నీ కత్తులన్నీ నూరి పూజ సేసినాడు" అని చెప్పేసింది. కండె నా చేతిలోనుంచి జారి గడప దాటి వీధిలోకి దొర్లిపోయింది. తర్వాత హేమ, "ఆయప్పకు ఫోన్ ఇయ్యి" అంది.

చెవి దగ్గర పెట్టుకున్నాను. ఊపిరి వినబడింది. ఎనిమిదేళ్ళ తర్వాత నా బిడ్డ ఊపిరి.

"ఏ రాయి మీద నూరినారు?"

"మన పెరట్లో ఉందే, నల్లరాయి."

"నీళ్ళు పోసినారా?"

"పోసినా."

"ఒక్కోదానికి ఎన్నిసార్లు లాగినారు?"

అన్నీ చెప్పాను. పచ్చది ఇరవై, ఎర్రది నలభై, నీలం లెక్కే లేదు అని. నీలం అనగానే గొంతు మారింది. "నీలం రానే రాలేదా? కొంచెం కూడా?" అంది. "ఉన్నది కూడా పోయింది" అన్నాను. చిన్నప్పుడు కొత్త డిజైను చూస్తే ఇట్లాగే అడిగేది, వెంట వెంట. మిషను మీద చూసినా ఇంట్లో నూరుకునే సంగతి ఎవరికీ తట్టలేదట. వాళ్ళ దగ్గర వజ్రపు పొడి అంటించిన పలకలు ఉంటాయట, వాటి మీద ఏదైనా పదునెక్కుతుందట.

"ఏది ఏ ఉక్కో ఇప్పుడన్నా చెప్పకూడదా?" అని అడిగాను.

"చెప్తే మీ చేయి ఒకపక్క మొగ్గుతుంది. మళ్ళీ మొదటినుంచి చేయండి" అని పెట్టేసింది.

నాలుగు నిమిషాలు మాట్లాడింది, ఫోన్‌లో లెక్క పడింది. మీరు, చేయండి అంది. ఆఫీసులో అట్లాగే మాట్లాడతారు కాబోలు.

జూలై 2

యాభై, యాభై, యాభై. చేయి నొప్పి. బంగారం లాంటి నొప్పి.

జూలై 6, ఆదివారం

ఈ రోజూ మాట్లాడింది, కత్తుల గురించే. ఎర్రదాన్ని ప్రతిసారీ తుడిచి నూనె రాసి చూడమంది. నేను ఉండబట్టలేక, "అన్నం తిన్నావా తల్లీ" అన్నాను. "అమ్మకియ్యండి" అంది.

అడగాల్సింది కాదు. అన్నం మాట నేను అడగకూడదు. ఆ రోజు అడగలేదు కదా.

ఎప్పుడూ రాయలేదు. ఈ రోజు రాస్తాను, ఎవరు చదువుతారు గనుక.

హేమను రాయచూరు ఇచ్చి పెళ్ళి చేశాం. ఏడాదిన్నరకు తెల్లవారి బండిలో ఆదోని వచ్చి దిగి, ఫోన్ చేసింది. నేను పోయాను. ప్లాట్‌ఫారం మీద బెంచీలో కూర్చుని ఉంది, ఒళ్ళో ఒక్క సంచి. చెంప వాచి ఉంది. చూశాను. చూడలేదని ఎన్నిసార్లు అనుకున్నానో, కానీ చూశాను. "నాయనా, నేను ఇంగ పోను" అంది. నాకు ఆ చెంప కంటే మా వీధి ఎక్కువ కనబడింది. బస్సు దిగి ఆ సంచితో వీధి పొడవునా నడిచి వస్తే, మగ్గాలన్నీ ఆగి ఎంతమంది చూస్తారో అదే కనబడింది. "నాలుగు దినాలు ఓర్చుకో, నేనొచ్చి మాట్లాడతా" అన్నాను. కౌంటరు దగ్గరికి పోయి రాయచూరుకు టికెట్టు కొన్నాను. చేతిలో పెట్టాను. ఎక్కించాను. తిన్నావా అని అడగలేదు.

ఆ బండి రాయచూరు చేరింది. నా బిడ్డ చేరలేదు. మంత్రాలయం రోడ్డులో దిగి ఎదురు బండెక్కి బెంగళూరు పోయిందని ఇరవై రోజులకు తెలిసింది. ఆ ఇరవై రోజులు నీలమ్మ నాకు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. ఎదురుచూసి ఎదురుచూసి చివరికి రంగప్పే పోయి వెతికి, క్షేమమని చెప్పాడు.

బంధువులందరికీ రాయచూరులో బాగుందని చెప్పాను. కొన్నాళ్ళకు అల్లుడితో బెంగళూరు పోయిందని చెప్పాను. అడిగినవాళ్ళకల్లా చెప్పాను. అడగనివాళ్ళకు కూడా.

జూలై 10

ఎర్రది మళ్ళీ మొదలాయె, నూనె రాసినా చుక్కలు. పదును కూడా పోయింది. నీలం నేను చెడగొట్టినదే, రంగప్ప దాన్ని బెంగళూరు పోయేవాళ్ళ చేత హేమ దగ్గరికి పంపి వజ్రపు పలక మీద నూరించి తెప్పించాడు, మళ్ళీ మునుపటిలాగే కోస్తోంది. పచ్చ రెండోసారికి తెంపుతోంది. పెరటి రాయి మీద ఇరవైసార్లు లాగితే మళ్ళీ కొత్తదే.

ఇంకేం చూడాలి. ఏమీ లేదు.

జూలై 13, ఆదివారం

ఫోన్ రాకముందే కాగితం రాసి పంపించాను. నీలమ్మ ఫోటో తీసింది. ఇట్లా రాశాను.

"ఎరుపు. ముందుగా మొద్దుబారేది ఇదే. తుడవకపోతే చుక్కలు, తుడిచినా కొన్ని. నీలం. నేను ఇంతవరకు పట్టుకున్న కత్తులన్నింటిలో మేలైనది, తుప్పు లేదు, పదును పోదు. కానీ పోయిన రోజు ఇంట్లో మనిషి చేయగలిగింది ఏమీ లేదు. పచ్చ. నీలం కంటే ముందే తగ్గుతుంది. తుప్పు లేదు. ఇంట్లో రాయి మీద తిరిగి వస్తుంది. రోజూ వాడే మనిషికి నేను పచ్చ ఇస్తాను.

ఈ సంగతి నాకు జూన్ 21కే తెలుసు. చెబితే పని అయిపోతుందని చెప్పలేదు. అమావాస్యకు నూరింది అలవాటు అన్నాను. సగం అలవాటే. రెండో కత్తి దగ్గరే గుర్తొచ్చింది. ఆపలేదు. ఆ రోజు ఆదోనిలో నీ చెంప చూశాను తల్లీ. చూసి టికెట్టు కొన్నాను. నాయన."

పది గంటలకు ఫోన్ మోగలేదు. పదకొండుకు కూడా లేదు.

జూలై 14

లేదు.

జూలై 15

నీలమ్మ, "ఆదివారం పిల్ల సోమవారం సేస్తాదా" అంది. సోమవారం కాదు, ఈ రోజు మంగళవారం అన్నాను.

జూలై 17

కత్తులు మూడూ పెట్టెలో పెట్టాను. తీసి మళ్ళీ బయట పెట్టాను. పురికొస కోశాను, యాభై. ఎవరికోసమో తెలియదు.

జూలై 19

రేపు ఆదివారం.

జూలై 20, ఆదివారం

పది కాకముందే మోగింది! నీలమ్మ ఎత్తలేదు. నా ముందు నేల మీద పెట్టి, "నీకే" అంది.

"నాయనా" అంది హేమ.

ఫోన్ రెండు చేతులతో చెవికి అదుముకున్నాను.

"నాయనా, ఇనపడతాండాదా?"

"చెప్పు తల్లీ."

"నీ కాగితం ప్రింటు తీసి వర్క్‌షాపు గోడకు అంటించినా. కింది సగం మడిచి."

"మంచిది."

"ఎరుపు డీ2 అనే ఉక్కు. నీలం ఎమ్390. పచ్చ మాగ్నాకట్. మా సారు నీలమే అనె, మిషను కూడా నీలమే అనె. వారం నుంచి అదే కొట్లాట, అందుకే పోయిన వారం ఫోన్ చేయలేకపోతి. నీ కాగితం చూపించి, ఇంట్లో నూరుకోలేని కత్తి రోజూ వాడేవానికి ఎందుకని అడిగినా. నిన్న ఒప్పుకున్నారు. అమ్మకానికి పచ్చే చేస్తాండాం నాయనా."

నా పచ్చ! మా పెరటి రాయి మాట బెంగళూరులో నెగ్గింది! "రంగప్ప మామ నీలం అడిగినాడే" అన్నాను, ఏం మాట్లాడాలో తెలియక. "మామకు నీలమే పంపుతాలే. నూరేది నా దగ్గరికే పంపమను" అంది.

తర్వాత గొంతు తగ్గించింది.

"ఇరవై ఒకటికే తెలుసని రాసినావే. ఎర్రది ముందు పోతాదని నాకు ఏప్రిల్‌లోనే తెలుసు నాయనా."

"మరి మళ్ళీ మొదటినుంచి చేయమంటివే?"

"ఊఁ" అంది. అంతే. ఆ ఊఁ నేను ఇక్కడ రాసుకున్నాను, పోకుండా.

"స్టేషన్ సంగతి ఫోన్‌లో వద్దు. నేను అడగాల్సింది చానా ఉంది. ఎదురుగా కూర్చుని అడుగుతా. నువ్వు చెప్పల్ల."

"అడుగు తల్లీ. ఎంతసేపైనా అడుగు."

"శుక్రవారం పొద్దున బండికి వస్తాండా. ఆదోనికి."

"నేనొస్తా స్టేషన్‌కు. నేనే వస్తా."

"రా. టికెట్టు కౌంటరు దిక్కు మాత్రం పోవద్దు" అంది. నవ్వుతూ అందో, ఏడుస్తూ అందో, ఎంత చెవి పెట్టినా తేలలేదు.

నాలుగు రోజులు ఉండి పోతుందట. పని ఉందట. ఉండనీ. చీకటి పడనిచ్చి తీసుకురాను. పగలు, బస్సు దిగి, సంచి నేను మోస్తూ, వీధి పొడవునా నడిపించుకుని వస్తాను.

ఈలోగా వీళ్ళకు చెప్పాలి.

రంగప్పకు. వాడికి అన్నీ తెలుసు, అయినా మొదట వాడికే.

కృష్ణగిరిలో తమ్ముడు లక్ష్మీనారాయణకు. అల్లుడికి ప్రమోషన్ వచ్చిందని పోయిన దసరాకు చెప్పాను. అట్లాంటి అల్లుడు లేడని చెప్పాలి.

గోనెగండ్ల మల్లేశ్వరి వదినకు. పిల్లలింకా లేరా అని అడిగినప్పుడల్లా డాక్టరు దగ్గరికి పోతున్నారని చెప్పాను. కాళ్ళు పట్టుకోవాలి.

నీలమ్మ చెల్లెలి కొడుకు రాఘవేంద్రకు. బెంగళూరులో హేమను ఒంటరిగా చూశానని వచ్చి చెబితే, నీ కళ్ళు పోయినాయా అని తిట్టి పంపాను. తప్పు నాదని చెప్పాలి.

రాయచూరు వాళ్ళకు ఏమీ చెప్పనక్కరలేదు.

ఉరుకుందలో సరస్వతి అక్కకు. నేనే పోవాలి. అక్కకు చెవులు బొత్తిగా వినబడవు. హేమ వస్తోందని, ఒక్కతే వస్తోందని, కత్తులు చేసే పనిలో ఉందని, ఆ ఇల్లు వదిలి ఎనిమిదేళ్ళయిందని, అరుగు మీద కూర్చుని గట్టిగా అరిచి చెప్పాలి. వీధంతా వినబడుతుంది. వినబడనీ.